సూదుల మేడం పాడె మోసిన రోజు

గా రోజులల్ల నాకు రెండే తెల్సు: దేవునికి దండం పెట్టుడు, పని ఇచ్చేటోళ్ల మాటకు తలూపుడు. రెండూ ఒక్కపారే మీదవడ్తే ఏంజెయ్యాల్నో మాత్రం తెల్వదు. మా ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలె. మన్ననూర్ల గెస్టుహౌసు ఊడ్సే పనికి కుదిరిన. కోతుల మీద పరీక్షలు జేసెతందుకు పట్నంకెల్లి వచ్చి ఆడ దిగిన మేడం ఎప్పుడు జూసినా సూదుల డబ్బా పట్టుకొని నల్లమూతి కొండెంగల ఎంట తిరిగేది (అందుకే ఊరంత సూదుల మేడం అంటుండ్రి).

ఒకనాడు పొద్దుగాల కరెంటు తీగ తగిలి ఒక కొండెంగ గెస్టుహౌసు వాకిట్ల సచ్చిపడ్డది. ఫారెస్టు సారు రక్తం తీస్కొమ్మన్నడని మేడం ఉరికొచ్చింది. "ఐసు లేకుంటే పాడైతది. అచ్చంపేట పోయొస్త. ఎవ్వర్నీ ముట్టనియ్యకు అక్కా" అని జీపెక్కింది. గింతల మా అత్త ఆడోళ్లను ఎంటేసుకొని వచ్చింది. హనుమంతుడు మా వాకిట్ల సచ్చిపడుంటే ఉత్తగ సూస్కుంట కూసుంటమా? తానం వోసిన, పసుపు రాసిన, బొట్టు వెట్టిన. మేడం వచ్చేసరికి పాడె లేవనీకి తయారు, డప్పులు మోగుతున్నయ్.

"ఎవ్వర్నీ ముట్టనియ్యొద్దంటి గదక్కా!"

"ముట్టనియ్యలె మేడం. అంత నేనే జేసిన."

మేడం కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. "పసుపుతోని ఏం గాదు, లోపలి రక్తం సాలు. పూడ్సిపెడ్తేనే గదీ పోతది" అన్నది. మా అత్త అడ్డం నిలవడ్డది: "స్వామికి సూది గుచ్చుతవా?"

"అమ్మా, వీళ్ల రక్తంల ఒక రాత ఉంటది, మన రక్తంల ఒక రాత. రెండు పక్కపక్కన వెట్టి సూస్తం. యాడ కలిసింది, యాడ ఇడిపోయింది తెలిస్తే మన రోగాలకు మందు దేవులాడొచ్చు. ఎన్కట ఎన్కట ఇద్దరికీ ఒక్కడే తాత."

మా అత్త జరసేపు కొండెంగను సూసింది, జరసేపు మేడంను సూసింది. "గట్లయితే నువ్వు గూడ సుట్టానివే బిడ్డా. గుచ్చు. గుచ్చినంక పాడె పట్టు."

మేడం రక్తం తీసి, ఐసుల వెట్టి, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు ఏస్కొనే పాడె కింద భుజం వెట్టింది. డప్పు మోగింది. గోడ మీద కొండెంగల మంద వరుసగ కూసోని సూస్తున్నది. "బిడ్డా, గటు జూడు, మీవోళ్లంత వచ్చిరి" అన్నది మా అత్త. మేడం రొప్పుకుంట, "మీవోళ్లు గాదమ్మా, మనోళ్లు" అన్నది.

నాకు నవ్వాగలె. పాడె ముంగట నవ్వు, అదీ మొగడు పోయిన ఆడది! అత్త తిడ్తదని కొంగు నోట్ల కుక్కుకొని అటు జూస్తే, ఆమె గూడ కొంగు సాటున ఊగుతున్నది. కొడుకు పోయినంక ఆమె నవ్వుడు నేను సూసుడు గదే మొదలు. ఇప్పుడు అత్త గూడ లేదు. కొండెంగకు రాసిన పసుపు మొకమంత అంటుకోని నిలవడ్డ ఆ పిచ్చిపిల్ల, గప్పటి నేను, యాదికొస్తే, నవ్వితివి తీయ్, మంచిగనే నవ్వితివి అని నాకు నేనే అనుకుంట.