చిన్నమ్మ మెడ

మండుటెండల్లో కూడా మా చిన్నమ్మ పైట చెంగు మెడ చుట్టూ కప్పుకునే ఉండేది. చెంగు జారితే మాట మధ్యలో ఆపి మరీ సర్దుకునేది. ఆమె మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారింది. పెళ్ళై ఏళ్ళు గడిచినా కడుపు పండలేదు. ఆ రెండింటికీ ముడిపెట్టింది బట్లహళ్ళిలోని ఆమె అత్త.

"మెడ తోముకునేకి చేతకాని దానికి బిడ్డలు యాడ పుడతారు?" అంటూ తలంటు రోజున మా ముందే బీరపీచుతో రుద్దేది. రక్తం కారినా ఆపేది కాదు. ఆ పీచును తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి నేనే పోరి చిక్కబళ్ళాపురం ఆస్పత్రికి తీసుకుపోయాను. అత్త కూడా వెంట వచ్చింది. డాక్టరమ్మ మెడ చూసి, రక్తపరీక్షలు చేయించి చెప్పింది.

"ఇది మురికి కాదమ్మా. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయకుంటే మెడ ఇట్లా నల్లబడతాది. నీకు నెలసరి తప్పేది, గర్భం రానిది కూడా దానివల్లే. మందులు వాడు, రోజూ నడువు. చాలామందికి బాగవుతాది."

అంతా విన్న అత్త, "ఆ నలుపు పోయేకి పూతమందు ఏదన్నా రాయమ్మా" అంది.

మరుసటి ఏడు చిన్నమ్మకు కూతురు పుట్టింది. పేరు పెట్టిన రోజు అత్త పసిదాన్ని ఒళ్ళోకి తీసుకుని, మొహమైనా చూడకుండా ముందు మెడ వెనక చూసింది.

"మా పోలికే. తెల్లగా ఉండాది."

చిన్నమ్మ తన మెడ మీది చెంగు తీసేసి, జుట్టు పైకెత్తి కొప్పు వేసుకుని, అత్తకు వీపు తిప్పి కూర్చుంది. ఆ నల్లటి మెడ మీద పీచు గీరిన మచ్చలు అందరికీ కనిపించాయి.