ఒళ్లో సంచీ

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సు ఎక్కేసరికి నిలబడడానికే చోటు దొరికింది. సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన, నేను అడగకుండానే నా గుడ్డసంచీ అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. అందులో నా కారు నుంచి విప్పిన, బండిని స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు ఉంది. అది కాలిపోయిందని, ఆ కారు చేసిన జపాన్ కంపెనీ మన దేశం నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది కాబట్టి కొత్తది దొరకదని, మెకానిక్ పొద్దున్నే చేతులెత్తేశాడు.

నా తాళాల గుత్తికి వేలాడుతున్న కంపెనీ గుర్తును పెద్దాయన చూశాడు.

"గీ బండేనా సారు నీది? మా అల్లుడు గిదే పాతది కొంటనంటుండు. ఎట్లుంటది?"

మా ఊళ్లో నన్ను జపాన్ కారు సారు అంటారు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు కూడా ఆ పేరు పోగొట్టుకోబుద్ధి కాలేదు.

"తిరుగులేదు బాపు. నాది సర్వీసింగుకిచ్చిన, అందుకే బస్సుల పోతున్న."

చిన్న షెడ్డులో పుట్టిన ఆ కంపెనీ యుద్ధం తర్వాత మళ్లీ ఎట్లా లేచిందో కూడా చెప్పాను. ఇక్కడి నుంచి వెళ్లిపోయిన సంగతి మింగేశాను.

ఆయన అక్కడే ఫోన్ తీశాడు. "తీస్కో అల్లుడా. నడిపే సారే చెప్తుండు."

తాడ్వాయిలో దిగుతూ సంచీ నా చేతికిచ్చాడు. "బరువున్నది సారు, పైలం."

ఆయన తెల్లధోవతి మీద సంచీలోంచి అరచేయంత గ్రీజు మరక అయింది. ఆయన చూసుకోలేదు. నేను చూసి, సంచీని వెనక్కి దాచుకున్నాను.

ఇంటికెళ్లాక ఆ మరక చూసైనా ఆయనకు నా మాట మీద అనుమానం వచ్చి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను.