యోబు తవ్విన బావి

బద్వేలు రోడ్డు పక్కనున్న పాత తోటమిద్దెకు రంగులేసి రిసార్టని పేరు పెట్టాక, దానికొక చరిత్ర కావలసి వచ్చింది. యజమాని భూపేష్‌కు ఆ చరిత్ర తెలియదు. తెలిసినవాడు ఏసన్న ఒక్కడే మిగిలాడు.

ముప్పై నాలుగేళ్లు ఆ మిద్దెలో జీతగాడుగా ఉన్నాడు ఏసన్న. పేడ ఎత్తాడు, కల్లంలో శనక్కాయలకు కాపలా కాశాడు, వానలకు ముందు మిద్దె కారకుండా పైన చవుడు మట్టి పోశాడు. గడప మాత్రం దాటలేదు. "మిద్దె వీపు తెలుసు నీకు, కడుపు తెలీదు" అని భార్య జీవమ్మ ఎగతాళి చేసేది.

అక్కడి బావి తవ్వింది ఏసన్న నాయన యోబు. ముప్పై అడుగుల దగ్గర బండ పడింది. దాన్ని పగలగొట్టడానికి పెట్టిన తూటాల్లో ఒకటి పేలలేదు. చూసి రమ్మని భూపేష్ తాత యోబును దింపాడు. అప్పుడు పేలింది. మూడోనాడు నీళ్లు పడ్డాయి. టెంకాయ కొట్టారు, పసుపు కుంకుమ చల్లారు. ఆ రోజు నుంచి యోబు కొడుకు ఆ బావి మెట్లు దిగకూడదు, నీళ్లు మైలపడతాయి! దప్పికైతే పశువుల కొట్టం గోడ సందులో దాచిన సత్తు గ్లాసు పట్టుకొని గట్టున నిలబడాలి. ఎవరో ఒకరు తాకకుండా ఎత్తి పోస్తారు.

"నీకు తెలిసిందంతా చెప్పు ఏసన్నా, ఫోన్లో రికార్డు చేసుకుంటా" అన్నాడు భూపేష్.

"చెప్తా అబ్బయా. బాయి కాడ బండ నిలబెడితే దాని మీద మా నాయన పేరు ఉండాల."

"ఓస్, అంతేనా! పెద్దచ్చరాలతో రాపిస్తా."

ఇంటికొచ్చి చెబితే జీవమ్మ నవ్వింది. "నమ్ముతాండావా? వాళ్ల తాత కూడా ఇట్లనే తియ్యగా మాట్లాడి మీ నాయన్ను దింపినాడంట."

"ఇన్నేండ్లలో ఒగటే అడిగితి. ఊ అన్నాడు కదా."

మూడు రోజులు కూర్చుని చెప్పాడు.

ప్రారంభం నాడు చర్చికి కట్టుకునే తెల్లపంచె కట్టుకొని భార్యతో వెళ్లాడు. బైబిలు చదివే అలవాటున్న మనిషి, బావి దగ్గర నిలబెట్టిన నల్లబండను రెండుసార్లు చదివాడు. భూపేష్ తాతగారు 'స్వయంగా శ్రమించి' తవ్వించిన బావి అని ఉంది. చెమట పట్టని మనిషికి శ్రమ ఆపాదించడానికి ఎన్ని అక్షరాలో!

"మా నాయన పేరు యాడ?"

భూపేష్ పక్కకు లాగాడు. "సావు జరిగిన బాయంటే ఎవురొస్తారు చెప్పు? ఇంగోచోట రాపిస్తాలే. రాప్పా, నీకు మంచి పని పెట్టినా."

అద్దాల పెట్టెలో సత్తు గ్లాసు. ఎద్దు తొక్కి నొక్కుకుపోయిన అంచు చూసి ఏసన్న గుర్తుపట్టాడు. కింద 'బాటసారుల దప్పిక తీర్చిన గ్లాసు' అని చీటీ.

"దీంతో వచ్చినోళ్లకు బాయి నీళ్లియ్యి. వీడియోకు శానా బాగుంటాది."

భూపేష్ పెట్టె తెరిచి ఇచ్చిన గ్లాసు పట్టుకొని ఏసన్న పుట్టాక మొదటిసారి ఆ మెట్లు దిగాడు. ఎవరూ ఆపలేదు, ఫోటోలు తీశారు. ముంచుకొని తాగాడు. ట్యాంకరు నీళ్లు, బ్లీచింగు కంపు. ఎండిన బావి అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచి నింపారు. మెట్ల మీదే ఉమ్మేశాడు.

"ఇది బాటసారులది కాదు, నాది!" అని అరిచాడు. "నన్ను ముట్టుకోకుండా పోసేదానికి పెట్టినారు. మా నాయన యోబు ఈడనే తునకలైపోయినాడు. ఆయప్ప పేరు రాయండి!"

చప్పట్లు మోగాయి.

"సూపర్ తాతా," అంది నల్లకళ్లజోడు అమ్మాయి ఫోను సరిచేసుకుంటూ. "ఏడుపు మాటలు ఇంకోసారి చెప్పవా? పాట మోతలో సరిగ్గా రాలేదు."

భూపేష్ కూడా చప్పట్లు కొడుతున్నాడు.

ఏసన్న గ్లాసుతోనే బయటికి నడిచాడు. జీవమ్మ వెంట పరుగెత్తింది.

"ఆ పాడుది ఇంటికెందుకు? పారెయ్."

"పారేస్తే ఏరుకొని మళ్లా పెట్టెలో పెడతారు."

రోడ్డు వారన కూర్చుని, గుండ్రాయి తీసుకొని, అది ఒకప్పుడు గ్లాసని ఎవరూ పోల్చుకోలేనంత వరకు దంచాడు.