బురుల్ పలకని పేరు

బురుల్ కాచే బీరు నాకు నచ్చదు. ముందే చెప్పేస్తే మంచిది, లేకపోతే చనిపోయినవాడి మొహం చూసి పొగుడుతున్నాననుకుంటారు. బార్లీలో వరిగలు కలిపి, ఎండు ఆప్రికాట్లు వేసి పులియబెడుతుంది. "ఇది బీరా, పళ్ళ మురబ్బానా?" అంటే నవ్వేది. "మీరు రెండో గ్లాసు తాగుతూ అడుగుతున్నారు అతా" అనేది. అతా అంటే మా భాషలో నాన్న.

నేనూ, ఆమె మామ కాసిమాలీ, బిష్కెక్ పాత ప్రభుత్వ కర్మాగారంలో ముప్పై ఏళ్ళు కలిసి బీరు కాచాం. ఇద్దరం ఒకే ఏడు పుట్టాం. మాలో ఒకే ఈడువాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఎంత మాటైనా అనుకోవచ్చు, దానికి కోపం తెచ్చుకున్నవాడే తప్పుచేసినవాడు. వాడిది కుక్క ముక్కు. మూత తీయకముందే పీపా పక్కన నిలబడి "దీన్ని కడిగినవాడెవడ్రా, చేతులు విరగ్గొడతా" అనేవాడు. కడిగింది చాలాసార్లు నేనే.

బురుల్ నారిన్ కొండల్లోంచి ఇరవయ్యో ఏట కోడలిగా వచ్చింది. ఎనిమిదేళ్ళకి మొగుడు కనుమ దారిలో లారీ బోల్తాపడి పోయాడు. పుట్టింటికి పొమ్మన్నాడు కాసిమాలీ. "నాకిక్కడ పనుంది అతా" అంది. అప్పటికే వాడి దగ్గర మొలకల బార్లీ వేయించడం నేర్చుకుంటోంది. తర్వాత వీధి వైపు గదికి తలుపు పెట్టించి, నాలుగు కుళాయిలు బిగించి, మామా కోడలూ బీరు దుకాణం తెరిచారు. ఊళ్ళో అలాంటి చిన్న దుకాణాలు అప్పుడే ఒకటీ అరా మొదలయ్యాయి.

మా పాత పద్ధతిలో కోడలు మామ పేరు పలకదు. ఇప్పుడు బిష్కెక్‌లో ఎవరు పాటిస్తున్నారు! బురుల్ పాటించింది. ఆసుపత్రిలో "రోగి పేరు?" అంటే, గాజు కిటికీ కింద నుంచి వాడి గుర్తింపు కార్డు తోసి ఊరుకునేది. దుకాణానికి కాసిమ్ అని ఒక కుర్రాడొచ్చేవాడు, వాడు ఆమెకి ఎప్పుడూ "పొడుగాయన". నేను ఏడిపించేవాణ్ణి. "పిల్లా, మీ మామ పేరేంటి?" తలగుడ్డ అంచుతో నోరు మూసుకుని లోపలికి పరుగెత్తేది, నలభై దాటాక కూడా.

రెండేళ్ళ కింద వాడికి మతిమరుపు వచ్చింది. ముందు కొడుకు చచ్చిపోయాడన్నది మరిచాడు, తర్వాత కొడుకున్నాడన్నదే మరిచాడు. ముక్కు మాత్రం పోలేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం బురుల్ వాడి చెయ్యి పట్టుకుని ఊళ్ళో బీరు దుకాణాలన్నీ తిప్పేది, వెనక నేను. గడ్డాలు పెంచుకున్న కుర్రాళ్ళు, నల్లపలకల మీద సుద్దతో బీర్ల పేర్లు రాసుకున్నవాళ్ళు, వీడు రాగానే లేచి నిలబడేవాళ్ళు. వాళ్ళ నాన్నలకి కూడా అలా లేచి ఉండరు. వీడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, తాగకుండా, "రెండు రోజులు తొందరపడ్డావు" అనేవాడు. ఆ కుర్రాడి మొహం మాడిపోయేది. అది నిజం మరి. బయటికి రాగానే బురుల్‌తో "అమ్మా, నువ్వెవరి పిల్లవి?" అని మర్యాదగా అడిగేవాడు. ఆమె ప్రతిసారీ "మీ పిల్లనే అతా" అనేది. నేను కొండల వైపు చూసేవాణ్ణి.

మా దగ్గర నాన్నని, మామని, దారిన పోయే ముసలాయన్ని, అందరినీ అతా అనే అంటారు. తాను ఎవరికైనా తండ్రినన్నది వాడి బుర్రలోంచి పోయాక, అతా అంటే పలకడం మానేశాడు. పేరు పెట్టి పిలిస్తే మాత్రం చటుక్కున తిరిగేవాడు. అన్నానికి పిలవాలన్నా, స్నానానికి పిలవాలన్నా బురుల్ మా రెండిళ్ళ మధ్య గోడ దగ్గరికి వచ్చేది. "అతా, ఒక్కసారి పిలవరూ." నేను "ఒరేయ్ కాసిమాలీ!" అని అరిచేవాణ్ణి. "ఏంట్రా వెధవా!" అనేవాడు. ఆమె గబగబా వాడి చెయ్యి పట్టుకునేది. "నువ్వే పిలవొచ్చుగా, వాడికేం తెలుస్తుంది?" అన్నానొకసారి. "నాకు తెలుస్తుందిగా అతా" అంది.

కిందటి నవంబరులో చిన్న దుకాణాలవాళ్ళంతా కలిసి పెద్ద కాలువ పక్కన బీర్ల సంత పెట్టారు. బురుల్ మామని తీసుకెళ్తూ నన్నూ రమ్మంది. ముందు రోజే ఆ ఆప్రికాట్ బీరు మీద ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. "ఆ మురబ్బా నువ్వే అమ్ముకో, నేను రాను" అన్నాను. ముసలి మొండితనం. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనుకునే మాటలు చాలానే ఉన్నాయి, ఇదొక్కటి తీసుకోనిస్తే మిగతావి వదిలేస్తాను.

నాలుగున్నరకి ఫోనొచ్చింది. "అతా, గ్లాసులు కడిగి తిరిగి చూసేసరికి లేరు. మీరు రండి. వచ్చి పిలవండి."

"పేరు పెట్టి పిలవవే పిల్లా! పిలువు!"

"పిలుస్తాను. మీరు రండి."

పిలవలేదు. "నోరు తెరిచాను అతా, గొంతులోంచి 'అతా' అనే వచ్చింది" అని తర్వాత నాతో చెప్పింది. కాలువ గట్టున అటూ ఇటూ పరుగెడుతూ అతా, అతా అని అరిచిందట. గడ్డాల కుర్రాళ్ళు పాతికమంది దుకాణాలు వదిలేసి వెతికారు. వాళ్ళకి వాడి పేరు తెలుసు. కానీ ఎనభై ఏళ్ళ మనిషిని పేరు పెట్టి అరవడానికి మాలో ఎవడికి నోరొస్తుంది? వాళ్ళూ అతా అనే అరిచారు. ఆ వాదనకి కోపం తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నవాణ్ణి నేను. ఆ నోరున్నది నాకొక్కడికే.

ట్యాక్సీలో నేను చేరేసరికి చీకటి పడింది, మంచు మొదలైంది. గొంతు పోయేదాకా అరిచాను. తెల్లవారాక, రెండు మైళ్ళ అవతల కాలువ గట్టు మీద దొరికాడు. బోర్లా పడుకుని, చేతులు ముఖం కింద పెట్టుకుని ఉన్నాడు.

ఏడో రోజు ప్రార్థనకి ఒకావిడ వచ్చింది. కాలువ వంతెన దగ్గర సమోసాలు అమ్ముతుందట. వాడి తెల్ల టోపీ తెచ్చింది. తన బల్ల మీద మరిచిపోయాడట. బురుల్ ఆమెని కూర్చోబెట్టి టీ పోసింది.

"వంతెన మీద మీరు అంటించిన ఫోటో, చిరునామా చూసి గుర్తుపట్టానమ్మా" అందామె. "తప్పిపోయిన మనిషని ఎలా అనుకుంటాను? చక్కగా మాట్లాడాడు. చలిగా ఉందని టీ ఇచ్చాను. ఒక గుటక తాగాడో లేదో, అవతలి గట్టు నుంచి ఎవరిదో కేక వినిపించింది. అతా, అతా అని."

బురుల్ చేతిలో టీ కూజా అలాగే ఆగిపోయింది.

"టీ పక్కన పెట్టేశాడు. 'పాపం, ఎవరిదో ఆడపిల్ల, వాళ్ళ నాన్న తప్పిపోయినట్టున్నాడు' అన్నాడు. 'మీకెందుకు, కూర్చోండి' అన్నాను. కోప్పడ్డాడు. 'పిల్ల అలా ఏడుస్తూ తిరుగుతుంటే కూర్చుని టీ తాగమంటావా? నేనూ వెతుకుతాను' అని లేచి, గట్టు వెంట పోయాడు. దూరంగా వెళ్ళేదాకా చూశాను. ప్రతి చెట్టు దగ్గరా ఆగి చూస్తూ, అతా అతా అని తనూ పిలుస్తూ పోయాడమ్మా."