పసుపు పూసిన కార్బురేటరు

పాత మోటారు సైకిలు గలవానికి శత్రువులతో పనిలేదు, సలహాదారులు చాలు. శత్రువు దూరాన నిలిచి అపకారం చేస్తాడు. సలహాదారు మన వీధి అరుగు మీద కూర్చొని, మన కాఫీ తాగుతూ, మన క్షేమం కోరుతూ చేస్తాడు. నా బండి కార్బురేటరు అరిగిపోయిందన్న వార్త పొక్కిన నాటినుంచి, మా విజయనగరంలో ఇందరు యంత్రశాస్త్ర పారంగతులు ఇన్నాళ్లూ ఏ మూల అజ్ఞాతవాసం చేశారో అని నేను విస్తుపోతూ వచ్చాను.

కార్బురేటరు పెద్ద వస్తువేమీ కాదు. గుప్పిట పట్టే లోహపు ముద్ద. పెట్రోలునూ గాలినీ తగుపాళ్లలో కలిపి ఇంజనుకు అందించడం దాని పని. ఎసరుకు తగిన బియ్యం పోసే ఇల్లాలి విద్యకూ దాని విద్యకూ భేదం లేదు. పాళ్లు కుదిరితే బండి నడుస్తుంది, కుదరకపోతే దగ్గుతుంది. ఇంతే శాస్త్రం. ఈ ఇంతటి శాస్త్రం చుట్టూ మావాళ్లు ఒక పురాణం అల్లి పెట్టుకున్నారు.

ఆ బండి నేను కళాశాలలో తెలుగు చెప్పడానికి చేరిన కొత్తలో కొన్నది. నేను ఉద్యోగం విరమించాను గాని అది విరమించలేదు. ప్రతి గురువారమూ నన్ను నెల్లిమర్లకు మోసుకొనిపోయేది. అక్కడ మా అప్ప ఉంది. నాకంటె చాలా పెద్దది. అమ్మ పోయాక నాకు ముద్దలు కలిపి పెట్టింది ఆమే. బావ జూట్ మిల్లులో పనిచేసి పోయాడు. మిల్లు వెనుక వీధిలో కొడుకూ కోడలితో కలిసి ఉంటున్న మా అప్పకు కొన్నేళ్లుగా చూపు లేదు. చూపు పోయిన తరువాత ఆమె మంచం దిగడం తగ్గించింది. తగ్గించి తగ్గించి మానేసింది.

ఒక్క గురువారం మాత్రం, నా బండి రైలు గేటు దాటి మలుపు తిరిగిన చప్పుడు చెవిన పడగానే, తనంతట తాను లేచేది. గోడ పట్టుకొని వీధి గుమ్మం దాకా నడిచివచ్చి నిలబడేది. కోడలు బతిమాలినా లేవని మనిషి, డాక్టరు బెదిరించినా కదలని మనిషి, ఆ చప్పుడుకు లేచేది. నేను బయలుదేరానని ఫోను చేసి చెబితే, "వస్తే రానీ. మంచం దగ్గరికి రానేడా?" అనేదట. ఆ కాస్త నడకైనా లేకపోతే కాళ్లు శాశ్వతంగా పడిపోతాయని డాక్టరు కోడలితో చెప్పి ఉన్నాడు. కనుక నేను వెదకవలసినది వేగాన్ని కాదు, మైలేజీని కాదు. మా అప్పను మంచం దింపే చప్పుడును. నేను ఈ సంగతి అందరికీ చెప్పాను. అందరూ తల ఊపారు. ఊపిన తలలలోనికి అది దిగలేదు.

కోట దగ్గరి మెకానిక్కు పాత కార్బురేటరును విప్పి, వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. "లోపల స్లైడు అరిగిపోనాది మాస్టారూ. ఇంక దీన్ని బతికించలేం," అన్నాడు. గాలిని కొలిచి వదిలే చిన్న తలుపు వంటి ముక్క అది. అసలు కంపెనీ వాటిని చేయడం ఎన్నడో మానుకుంది. ఇక దొరికేవన్నీ ఎవరెవరో చేసి అమ్ముతున్నవే.

ముందుగా వచ్చినవారు ఆదివారపు వీరులు. పాత బండ్లను కొని, తళతళలాడించి, గుంపుగా భీమిలి దాకా పోయి టిఫిను తిని తిరిగివచ్చే యువకులు. రోహిణీకార్తె ఎండలో నల్లని తోలుకోట్లు తొడిగిన ఆ శూరులలో ఒకడు నా బండి ట్యాంకు మీద చెయ్యి వేసి, "ఇది బండి కాదు మాస్టారూ, ఎమోషన్," అన్నాడు. ఆ ఎమోషనుకు ఎంత సైజు జెట్టు వెయ్యాలని అడిగాను. పెట్రోలును చుక్కలుగా వదిలే ముక్కను జెట్టు అంటారని అతనికి తెలుసునని నా భ్రమ. అతను జేబులోనుంచి ఫోను తీసి వెదకడం మొదలుపెట్టాడు. వెదుకుతూనే వెళ్లిపోయాడు.

రెండవవాడు నా బావమరిది. నరసన్నపేటలో ధాన్యం వ్యాపారం. ధాన్యం తప్ప తక్కినవన్నీ తెలిసినవాడు. నన్ను అడగకుండానే జపాను కార్బురేటరు ఒకటి తెప్పించి, పెట్టెతో సహా దిగాడు.

"నోరు సూడు బావా. నీ పాతదాని నోరు దీని ముందు దోమ నోరు."

"నోరు పెద్దదైతే ఏమిటి లాభం?"

"అదేటి ప్రశ్న? నోరు పెద్దదైతే తిండెక్కువ. తిండెక్కువైతే బలమెక్కువ."

ఈ సిద్ధాంతానికి అతని దేహమే ప్రత్యక్ష ఖండనం. అతని భోజనాన్ని నేనెరుగుదును. మా మేడమెట్లలో సగం ఎక్కి రొప్పుతూ నిలబడిపోవడాన్నీ ఎరుగుదును. అయినా మా ఆవిడకు ఒక్కడే తమ్ముడు. పైగా తెస్తానన్న వస్తువు కాదు, తెచ్చేసిన వస్తువు. బిగించడానికి ఒప్పుకున్నాను.

మా ప్రాంతంలో కొత్త వస్తువేదీ పసుపూ బొట్టూ లేక పనిలోనికి దిగదు. చేటకు పెడతాం, రుబ్బురోలుకు పెడతాం, ఫ్రిజ్జుకూ పెడతాం. ఈ ఆచారాన్ని నేను ఆక్షేపించను. కాని మెకానిక్కు దుకాణంలో మా బావమరిది ఆచారాన్ని వ్యాఖ్యానించడం మొదలుపెట్టాడు. ఆ కార్బురేటరుకు గాలి పీల్చే గుండ్రని నోరు ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది గడపనాగున్నాది బావా. గాలి లోపలికొచ్చేది ఇటే కదా. గడపకి పసుపు రాయకుండా ఒగ్గేస్తామేటి?" అన్నాడు. అని, తడిపసుపును అంచు చుట్టూ శ్రావణ శుక్రవారం నాటి గడపలాగ దట్టంగా పట్టించాడు. మెకానిక్కు వారించలేదు సరికదా, కర్పూరం కూడా వెలిగిద్దామన్నాడు. పెట్రోలు ట్యాంకు పక్కన కర్పూరం. అంతవరకు కూర్చొని చూస్తున్న నేను అప్పుడు లేచి అగ్గిపెట్టె లాక్కున్నాను.

గురువారం వచ్చింది. బండి నల్లని పొగ కక్కుతూ బయలుదేరింది. వేగంగా పోతే పోతుంది. నెమ్మది చేస్తే చచ్చిపడుతుంది. ఒక ఆటో కుర్రవాడు పక్కగా వచ్చి, "తాతా, బండిమీదే వంటేటి?" అని నవ్వి ముందుకు పోయాడు. రైలు గేటు దగ్గర ఆగింది, మలుపులో ఆగింది, చివరికి మా అప్ప ఇంటి ముందర తనంతట తానే ఆగింది. వీధి గుమ్మం ఖాళీగా ఉంది.

లోపలికి పోయాను. మంచం మీద అటు తిరిగి పడుకొని ఉంది.

"ఎవులది?"

"నేనే అప్పా."

"నువ్వా? లారీ ఏదో సెడిపోనాదనుకున్నాను. నీ బండేదిరా?"

"ఆ బండి మీదనే వచ్చాను."

"నాకు సెప్పకు. కళ్లు పోనాయి గాని సెవులు పోనేదు."

ఆ పూట నేనే మంచం దగ్గర కూర్చొని అన్నం తినిపించాను. కోడలు వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూసింది.

తిరిగివచ్చాక మెకానిక్కు ఆ కార్బురేటరును విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. జెట్లు మార్చాడు. ప్లగ్గు మార్చాడు. బావమరిది పెట్రోలు బంకువాళ్లను తిట్టాడు, తరువాత ప్రభుత్వాన్ని తిట్టాడు. ఇద్దరూ కలిసి దోషం వాతావరణానిదని తేల్చుకుంటున్న సమయంలో, నా చొక్కా చేతి అంచున పసుపుమరక చూసి నేను ఆ నోటి అంచును తడిమాను. అక్కడ సూదిమొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంది. బండి నిదానంగా తిరిగేటప్పుడు ఊపిరి పీల్చుకొనేది దానిగుండానే. అందులో ఎండిన పసుపు గట్టిగా కూరుకొని ఉంది.

"అయితే నా తప్పేటి? పసుపు మంచిదే కదా," అన్నాడు బావమరిది.

"మంచిదే. పాలలో."

రంధ్రం శుభ్రం చేశాక బండి పరుగెత్తింది. నిజం చెప్పాలి గదా. పాతదానితో ఎన్నడూ పరుగెత్తనంత మెత్తగా, హాయిగా పరుగెత్తింది. ఒక తన్నుకే లేచింది. పొగ లేదు, దగ్గు లేదు. బావమరిది వీధి చివర నిలబడి, తానే ఆ యంత్రాన్ని కన్నట్లు చూశాడు. మరుసటి గురువారం నేను రైలు గేటు దాటి, మలుపు తిరిగి, ఆశతో తల ఎత్తాను. గుమ్మం మళ్లీ ఖాళీ.

"ఎవులో పెళ్లోరు కారేసుకొని ఎల్తన్నారనుకున్నాను," అంది మా అప్ప మంచం మీదినుంచే. "నీ బండి అమ్మీసినావేటి? అమ్మీస్తే అమ్మీసినానని సెప్పు. నానేటి ఏడుస్తానా?"

ఏడవలేదు. గోడ వైపు తిరిగింది, అంతే. బయటికి వచ్చినప్పుడు కోడలు నా వెంట వచ్చి, గొంతు తగ్గించి, "పోయిన గురువారం నుంచీ అడుగు కింద పెట్టనేదు బాబాయ్. నిన్న పట్టుకొని నిలబెడితే మోకాళ్లు మడతపడిపోనాయి," అంది.

ఆ సాయంకాలమే పాత కార్బురేటరును తువ్వాలులో చుట్టుకొని మార్కెట్టులోని విడిభాగాల దుకాణానికి పోయాను. దుకాణదారు ముందుగా మెరిసేవాటిని పరిచాడు. ఒకటి రేసులకట. ఒకటి కొండలెక్కడానికట. ఈ నెల్లిమర్ల రోడ్డులో ఏ కొండ ఉందో, ఎవరితో నాకు పందెమో ఆయన సెలవివ్వలేదు. నేను తువ్వాలు విప్పి, పాతదాని నోటి పక్కన ఒక్కొక్కదాని నోరు ఆనించి చూస్తూ పోయాను. చివరికి ఆయన పై అరలోనుంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి దించాడు.

"ఇది ఉత్తరాదిది మాస్టారూ. పాతదాన్ని సూసి నకలు కొట్టినారు. పనితనం నేదు. ఎవులూ కొనరు. మీలాంటోరికి ఇది అమ్మితే నాకే నామోషీ."

నోరు సరిగ్గా పాతదాని నోరే. పోత మొరటుగా ఉంది, అంచులు గరుకుగా ఉన్నాయి. నాకు అదే కావాలన్నాను. తాళపత్రాల పాఠాలు పరిష్కరించిన చేయి నాది. మూలం నశించినచోట, మూలాన్ని మెరుగుపరచబోయిన పండితుని కంటె తప్పులతో సహా దించిన వ్రాయసకాడే మేలని నాకు తెలుసు.

మెకానిక్కు దాన్ని బిగించి, స్క్రూ మీద చెయ్యి వేసి, "బీటు పెట్టమంటారా మాస్టారూ?" అన్నాడు. బండి నిలిచి ఉన్నప్పుడు ఒక్కొక్క దెబ్బనూ వేళ్లమీద లెక్కించగలిగేంత నెమ్మదిగా తిరిగేటట్లు చేయడాన్ని వీరు బీటు పెట్టడమంటారు. ఇంజనుకు నూనె అందుతుందా లేదా అన్నది వీరికి పట్టదు. టీ దుకాణం ముందు నిలిపినప్పుడు నలుగురూ తిరిగి చూడాలి. వద్దన్నాను. చప్పుడు వింటూ నేను తల ఊపేదాకా స్క్రూ తిప్పి, అక్కడ ఆపమన్నాను. అతడు కొంచెం నొచ్చుకున్నాడు.

వార్త నరసన్నపేటకు చేరింది. బావమరిది ఫోను చేశాడు. "ఎవులైనా ముందుకెల్తారు. మా బావ ఎనక్కెల్తాడు. అదీ సొంత డబ్బిచ్చి," అని, తన జపాను కార్బురేటరును తిరిగి పంపమన్నాడు. పసుపుతో సహా పంపాను.

గురువారం. రైలు గేటు దాటాను. బండి కొంత గరగరలాడుతోంది. అక్కడక్కడ యతి తప్పుతోంది. పాతదాని నడకే గాని, పాతదాని గొంతు కాదు. మలుపు తిరిగేటప్పుడు నాకు తల ఎత్తి చూడబుద్ధి కాలేదు. చక్రం వైపే చూస్తూ ఇంటి ముందుకు వచ్చి ఆపాను.

తల ఎత్తేసరికి గుమ్మంలో మా అప్ప ఉంది. ఒక చెయ్యి ద్వారబంధం మీద, ఒక చెయ్యి కోడలి భుజం మీద. మోకాళ్లు వణుకుతున్నాయి గాని నిలబడే ఉంది.

"ఏట్రా, బండికి జలుబు సేసిందేటి?"

"అవునప్పా. కొంచెం."

"కొంచెమేటి, బాగా సేసింది. దిగు ముందు. ఎంతసేపు నిలబెడతావు నన్ను?"

ఆ జలుబు కుదర్చడానికి తరువాత చాలామంది వచ్చారు. ఆదివారపు వీరులు వచ్చారు, మెకానిక్కు వచ్చాడు, నరసన్నపేట నుంచి బావమరిది కూడా వచ్చాడు. ఆ స్క్రూను అరచుట్టు తిప్పితే చాలు, గరగర పోతుందని అందరిదీ ఒకటే మాట. అందరికీ అరుగు మీద కాఫీ ఇచ్చాను. స్క్రూడ్రైవరు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.