కరుగుతున్న దిబ్బ దగ్గర మా మేనత్త

మా మేనత్త ఇక లేదన్న కబురు నాకు బోయిన్‌పల్లి మార్కెట్లో తెలిసింది. క్రిస్మస్ వెళ్ళిన వారం అది. ముల్లంగి కట్టలు ఏరుకుంటుంటే ఫోన్ మోగింది. చేసింది సైనిక్‌పురిలో ఆమె అద్దెకున్న ఇంటి యజమాని. సైన్యంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. కాలనీలో అందరూ ఆయన్ను సుబేదార్ సాబ్ అని పిలుస్తారు.

"బిడ్డా, యాడున్నవ్? జెర పక్కకు పోయి నిలబడు," అన్నాడు ముందుగా. నేను నిలబడ్డాను. "మేడమ్ పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తీస్కొని పైకి పోయిన. కుర్చీల కూసున్నట్టే ఉంది. పిలిస్తే పలుకలె."

చుట్టూ బేరాలు, అరుపులు. ఒకతను కాలీఫ్లవర్ బస్తా మోసుకొస్తూ "తప్పుకో అక్కా, తప్పుకో" అంటున్నాడు. ఎటు తప్పుకోవాలో నాకు తెలియలేదు.

మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండదు. సికింద్రాబాద్‌లో ఒక మహిళా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరర్‌గా కొందరు గుర్తుపట్టవచ్చు. ఏటా కాలేజీ తెరిచిన చాలా రోజులకు గానీ రాని మేడమ్‌గా, వచ్చిన రోజున ముఖమంతా దోమకాట్లతో కనిపించే మేడమ్‌గా ఆ కాలేజీలో ఆమె ప్రసిద్ధి. ఆ నెలల్లో ఆమె ఎక్కడుండేదో మా బంధువుల్లోనే సగం మందికి సరిగా తెలియదు. "ఏదో మంచు దేశంలో బురద చూస్తుందట" అనేవారు. అది అబద్ధమేమీ కాదు.

మా తాతగారు గుంటూరు వైపు నుంచి వచ్చి లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరారు. ఆయన పిల్లల్లో మా నాన్న పెద్దవాడు, మా మేనత్త ఆఖరిది. పెళ్ళి చేసుకోలేదు. లెక్చరర్ ఉద్యోగం స్థిరపడి, ఇంట్లో వాళ్ళు ఇక ఆమె మీద బెంగ మానేద్దాం అనుకుంటున్న సమయంలో ఫిన్లాండ్‌లో పరిశోధన చేసే అవకాశం వచ్చింది. నేనప్పుడు చిన్నపిల్లను. క్వార్టర్స్ వరండాలో జరిగిన ఆ సంభాషణ మా ఇంట్లో ఎన్నోసార్లు చెప్పుకున్నారు గనుక నాకు కళ్ళకు కట్టినట్టే ఉంటుంది.

"బురద చూడ్డానికి అంత దూరం దేనికే? మన వర్క్‌షాపు వెనక కావలసినంత ఉంది కదా," అన్నారు తాతగారు.

"ఇక్కడి బురదలో ఆకు పడితే కుళ్ళిపోతుంది నాన్నా. అక్కడ పడితే కుళ్ళదు. ఎందుకు కుళ్ళదో చూడాలి."

"చూసి?"

"ఎంతకాలం కుళ్ళకుండా ఉంటుందో కూడా చూడాలి."

ఇనుము ఎందుకు విరుగుతుందో చూడ్డంలోనే బతుకు గడిపిన మనిషి గదా, ఆ జవాబు తాతగారికి అర్థమై ఉంటుంది. మర్నాడు వర్క్‌షాపులో అందరికీ "మా అమ్మాయి కుళ్ళని బురద చూడ్డానికి పోతోంది" అని ఆయనే చెప్పుకున్నారట.

ఆ రెండు ప్రశ్నలూ ఆమె జీవితమంతటికీ సరిపోయాయి. ఉత్తరాన చలి దేశాల్లో చిత్తడి నేలలు కనుచూపు మేర పరుచుకుని ఉంటాయి. అక్కడ నాచు పెరుగుతుంది, చచ్చిపోతుంది, నీళ్ళూ చలీ వల్ల కుళ్ళకుండా అలాగే అడుగున ఉండిపోతుంది. దాని మీద మళ్ళీ నాచు. అలా యుగాల తరబడి మొక్కలు గాలిలోంచి తీసుకున్న కర్బనమంతా ఆ నేల కింద దాగి ఉంటుంది. లోకం వేడెక్కి ఆ నాచు కుళ్ళడం మొదలైతే, దాచుకున్నదంతా మళ్ళీ గాలిలోకి వస్తుంది. వస్తే ఇంకా వేడి. మా మేనత్త ఈ సంగతిని కంగారు పెట్టకుండా, అన్నం వడ్డిస్తూ చెప్పినట్టు చెప్పేది.

డాక్టరేట్ అయ్యాక అక్కడే ఉండమన్నారు. ఆమె ఉండలేదు. ఇక్కడ పాఠం చెబుతూ, ఏటా అక్కడి వేసవిలో వెళ్ళి వచ్చేది. వెళ్ళేటప్పుడు కందిపొడి డబ్బా తీసుకెళ్ళేది. తిరిగొచ్చాక మొట్టమొదట చేసే పని, పొడిగానే ఉన్న రబ్బరు బూట్లను డాబా మీద ఎండలో పెట్టడం. "ఎండ ఉందిగా, వాడుకోవాలి" అనేది. మా నాన్న నవ్వేవాడు.

ఆమెకు మోకాలి నొప్పి మొదలైన ఏడాది నన్ను తోడు రమ్మంది. నేను అప్పటికి రైల్వే ఆఫీసులో గుమాస్తాను. సైన్సు చదవలేదు. "నేనొచ్చి ఏం చేస్తాను అత్తయ్యా?" అంటే, "నా సంచీ మొయ్యి. చాలు," అంది.

ఫిన్లాండ్ ఉత్తర కొసన, చెట్లు పొట్టివై, పొట్టివై, చివరికి మోకాలెత్తు పొదలుగా మారిపోయిన చోట ఆమె నేల ఉంది. నడవడానికి చెక్క పలకలు పరిచి ఉన్నాయి. పలక మీంచి కాలు జారితే పరుపు మీద పడ్డట్టు దిగబడుతుంది. చుట్టూ దూది పువ్వుల్లాంటి తెల్లటి గడ్డి. ఆకాశం తప్ప దేనికీ అంచు లేదు. మా మేనత్త చర్చిలో పాడే తెలుగు పాటలు కూనిరాగం తీస్తూ ముందు నడిచేది. లాలాగూడ సందుల్లో ఎలా నడిచేదో అలాగే.

అక్కడ ఆమెతో మొదటినుంచీ పనిచేసిన ఒకాయన ఉన్నాడు. ఆ దేశస్థుడే. ఎత్తైన మనిషి, మాట బహు తక్కువ. ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద మన కందిపొడి చల్లుకుని కళ్ళు మూసుకుని తినేవాడు. రోజు మొత్తానికీ ఆయన ముఖంలో కనిపించే ఆనందం అదొక్కటే.

ఆ చిత్తడి మధ్యలో ఒక దిబ్బ ఉంది. మనిషికన్నా ఎత్తు. పైన నాచు, లోపల ఎన్నడూ కరగని మంచు. ఆ మంచే దాన్ని పైకి ఎత్తి పట్టుకుంటుంది. ఆ దిబ్బే ఆమె జీవితకాలపు పని. మొదటిరోజు గొట్టం దించి అడుగునుంచి ఇంత మట్టి తీసి, వేలితో విడదీసి, నా అరచేతిలో ఒక చిన్న నాచు రెమ్మ పెట్టింది. ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. పచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇది బతికి ఉన్నప్పుడు మన భాష లేదు. ఏ లిపీ ఇంకా పుట్టలేదు," అంది. "దీన్ని చూసిన మొదటి మనుషులం మనమే అమ్మడూ."

కింద పడేస్తానేమోనని రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టుకున్నాను. ఆమె నవ్వలేదు. మొదటిసారి తనూ అలాగే చేశానని తర్వాత చెప్పింది.

దిబ్బ లోపలి మంచు ఎంత లోతులో ఉందో చూడ్డానికి ఒక ఇనుప ఊచ ఉండేది. నిలువుగా పట్టుకుని నేలలోకి నొక్కాలి. మెత్తగా దిగుతూ దిగుతూ ఒకచోట టక్కున ఆగిపోతుంది. అదీ మంచు. నా చేత కూడా నొక్కించింది. ఆ టక్కుమనడం ఊచలోంచి నా మోచేతుల దాకా వచ్చింది. నాకు తెలిసినంతలో దేవుడి తలుపు తట్టడం అంటే అదే. "మనం నేలను అడగాలి, నేలకు చెప్పకూడదు" అనేది మా మేనత్త.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె దిబ్బ అంచుకు వెళ్ళి ఊచ నొక్కింది. నేను కొంచెం వెనక, సంచీతో ఉన్నాను. ఊచ దిగింది. ఇంకా దిగింది. పిడికిలి నాచుకు తగిలేదాకా దిగింది.

"అమ్మడూ," అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "ఇక్కడ ఏమీ లేదు. లోపల ఏమీ లేదు!"

అంతలో ఆమె వెనక నేల మీద చీలిక పారింది. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. ఆమె నిలబడ్డ ముక్క ముక్కంతా పక్కకు ఒరిగి, ఆమెతో సహా, దిబ్బ పక్కనున్న నల్లటి నీటిలోకి జారిపోయింది. ఛాతీ దాకా మునిగిపోయింది. నేను అరిచానో లేదో గుర్తులేదు. ఆ ఎత్తుమనిషి పరుగెత్తుకొచ్చి పలక ఒకటి లాగి నీటి మీదకు తోసి, దానిమీద బోర్లా పడుకుని చేతులు చాచాడు. "నా కాళ్ళు పట్టుకో! వదలకు!" అని ఇంగ్లీషులో అరిచాడు. నేను ఆయన చీలమండల మీద నా బరువంతా వేసి కూర్చున్నాను. ఊబి ఆమెను వదల్లేదు. లాగాడు, ఆగాడు, మళ్ళీ లాగాడు. చివరికి ఆమె పలక మీదికి వచ్చి పడింది. ఒక బూటు లోపలే ఉండిపోయింది.

పెదవులు నీలంగా ఉన్నాయి. నేను ఏడుస్తూ ఆమెను వాటేసుకోబోతే పక్కకు తోసింది.

"ఊరుకో. ఊరుకుని అటు చూడు."

ఆమె పడ్డచోట నీళ్ళు బుడగలు వేస్తున్నాయి. సన్నవి, లావువి, వరుసలు వరుసలుగా. ఆగడం లేదు. అన్నం ఉడుకుతున్నట్టు ఆ చల్లటి నీళ్ళు ఉడుకుతున్నాయి.

"అంతా అందులోనే ఉండేది," అంది పళ్ళు టకటకలాడుతుంటే. "ఇంతకాలం దాచుకున్న ఊపిరి." ఆ ముఖంలో భయం లేదు. అంత పెద్దదాన్ని తన కళ్ళతో చూడగలిగానన్న విస్మయం ఉంది, దాని వెనకే దుఃఖమూ ఉంది. ఆ రెండూ ఒకే ముఖంలో ఇమడగలవని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఊళ్ళో ప్రతి ఇంటికీ చెక్కతో కట్టిన ఆవిరి గది ఉంటుంది. ఆమెను అందులో కూర్చోబెట్టాం. చెమటలు పట్టాక "మే నెల లాలాగూడ లాగే ఉంది," అని నవ్వింది. ఆ తర్వాత బయటి గదిలో దుప్పటి కప్పుకుని కూర్చుంది.

"ఈ దిబ్బ నాకంటే ఎక్కువకాలం ఉంటుందని రాశాను," అంది. "మనవల కాలం దాకా ఉంటుందని రాశాను. నా మాట పట్టుకుని ఎంతమందో లెక్కలు కట్టుకున్నారు. వేసవిలో కరిగిన మంచును చలికాలం తిరిగి తెస్తుందనుకున్నా. చలికాలం కూడా మారిపోయింది. అది నేను చూసుకోలేదు."

ఆ ఎత్తుమనిషి నెమ్మదిగా అన్నాడు: "ఇంకో రెండేళ్ళు చూసి చెబుదాం. నీ పేరు పోతుంది."

"పేరు పోతే పోనీ. నేల ఇవాళే చెప్పేసింది. మనం ఆలస్యం చేస్తే ఎలా?"

మరుసటి ఏడు ఆ రంగంలో పనిచేసే వాళ్ళందరి సభలో ఆమె లేచి, ముందుగా తను ఒకప్పుడు చెప్పిన మాటనే తెర మీద చూపించి, "ఇది తప్పు" అని మొదలుపెట్టిందట. ఆ ఎత్తుమనిషే ఫోన్లో నాకు చెప్పాడు. కొందరు తల తిప్పుకున్నారట. ఒకాయన, ఇన్నేళ్ళూ ఆమె లెక్కనే నమ్ముకున్నవాడు, లేచి బయటికి వెళ్ళిపోయాడట. ఆ తర్వాత నెలల్లో కుర్రవాళ్ళు తమ తమ దిబ్బల దగ్గరికి వెళ్ళి మళ్ళీ ఊచలు దించి చూడటం మొదలుపెట్టారు. చాలాచోట్ల అదే జవాబు వచ్చింది.

ఇక్కడ కాలేజీలో కూడా దాచుకోలేదు. ఆ క్లాసులో ఉన్న ఒకమ్మాయి నాకు చెప్పింది. పాఠం మధ్యలో "నా లెక్క తప్పింది. నేల తప్పలేదు," అందట మా మేనత్త. ఇంకో అమ్మాయి ఆగలేక లేచి, "మేడమ్, అంటే ఇన్నేళ్ళ మీ పనంతా వేస్టేనా?" అని అడిగేసింది.

"లేదమ్మా," అందట. "తప్పని తెలుసుకోడానికి కూడా అంత పనీ కావలసి వచ్చింది."

రిటైరయ్యాక మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. సైనిక్‌పురిలో సుబేదార్ సాబ్ మేడ మీద వాటాలో చేరింది. ఆయన ఒకప్పుడు లడాఖ్ కొండల్లో కాపలా కాసినవాడు. సాయంత్రాలు ఇద్దరూ చాయ్ తాగుతూ మంచు గురించి మాట్లాడుకునేవారు. ఎండలు మండిపోయే సికింద్రాబాద్‌లో ఇద్దరు ముసలివాళ్ళు మంచు రకాల గురించి వాదించుకోవడం చూస్తే నాకు నవ్వొచ్చేది. సమాధి చేసిన రోజున ఆయన నాతో అన్నాడు: "నా దోస్త్ మంచుల కూరుకపోయి సచ్చిండు బిడ్డా. అప్పట్నుంచి మంచు మీద నాకు మస్తు గుస్సా. మేడమ్ జెప్పినంక దాని తక్లీఫ్ సుత సమజైంది."

ఆ రోజు బందు. తెలంగాణ బందులు జోరుగా నడుస్తున్న రోజులు, బస్సులు లేవు. అయినా ఆమె దగ్గర చదువుకున్న ఆడపిల్లలు, కొందరు నడివయసు దాటినవాళ్ళు, ఎక్కడెక్కడినుంచో నడిచి వచ్చారు. చెప్పులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. పాస్టరుగారు వాళ్ళకోసం కాసేపు ఆగారు.

తర్వాతి ఆదివారం ఆ మేడ మీది గదిలోనే జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టుకున్నాం. పాట ముగుస్తుండగా నా ఫోన్ మోగింది. ఆ ఎత్తుమనిషి. అక్కడ సూర్యుడు కనిపించని నెలలవి. ఒకప్పుడు దిబ్బ ఉన్న చోటికి వచ్చానని, అది కరిగి మిగిలిన నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయని చెప్పాడు. "మీరంతా వినండి," అన్నాడు, అంతే. నేను స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టాను.

ముందు బూట్ల కింద మంచు నలుగుతున్న చప్పుడు. కిర్రు, కిర్రు. తర్వాత అదీ ఆగింది. కింద వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టయి వెళ్ళిపోయింది. గదిలో ఆడపిల్లలు ఒకరి భుజం మీద ఒకరు వాలి ఫోన్ వైపు వంగారు. సుబేదార్ సాబ్ కర్ర ఆనించుకుని లేచి నిటారుగా నిలబడ్డాడు. అక్కడినుంచి మాట లేదు, పిట్ట లేదు. అంత దూరంనుంచి, ఏ అడ్డూ లేకుండా, మంచు మీంచి వస్తున్న గాలి మాత్రం వినిపిస్తోంది.