తోట గురించి రంగనాయకులు గారి మాట

2022లో, కోవిడ్ భయం తగ్గి జనం మళ్ళీ ధైర్యంగా ఆసుపత్రుల మెట్లెక్కుతున్న రోజుల్లో, నేను పుదుచ్చేరిలో సారం అనే పేటలో ఒక చిన్న క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. మాది నెల్లూరు. పెళ్ళయి ఈ ఊరు వచ్చాను. స్పీచ్ థెరపీ అంటే నత్తి ఉన్న పిల్లలకు చెప్పే పాఠాలని చాలామంది అనుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పెద్దవాళ్ళే. స్ట్రోక్ వచ్చి, అంటే మెదడులో ఒక భాగానికి రక్తం అందక, మాట పోగొట్టుకున్నవాళ్ళు. దాన్ని మేము అఫేజియా అంటాం. అందులోనూ కొందరికి తెలివి ఎప్పటిలాగే ఉంటుంది, ఎదుటివాళ్ళు చెప్పేది చాలావరకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్న మాట మాత్రం గొంతు దాకా వచ్చినట్టే వచ్చి ఆగిపోతుంది.

రంగనాయకులు గారు అలాంటి మనిషి. ముత్తియాల్‌పేటలో ఒక సందులో చాపలు, బుట్టలు, కొబ్బరి తాళ్ళు అమ్మే అంగడి వాళ్ళది. స్ట్రోక్ తర్వాత కుడిచెయ్యి బలహీనపడింది. నడక కాస్త కుదురుకుంది గానీ మాట పూర్తిగా పోయింది. కొడుకు మురళి ఆటోలో తీసుకొచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి, తండ్రి చొక్కా కాలరు సరిచేసి పక్కన నిలబడ్డాడు. వెంట రంగనాయకులు గారి భార్య వసంతమ్మ గారు.

నేను అలవాటుగా తమిళంలో మొదలుపెట్టాను. పెన్ను చూపించి ఇదేమిటన్నాను. గడియారం చూపించాను. ఆయన పెదవులు కదిపి తల దించుకున్నారు. ఇంతలో మా అత్తగారి దగ్గర్నుంచి ఫోన్ వస్తే, తర్వాత చేస్తానని తెలుగులో చెప్పి పెట్టేశాను. వసంతమ్మ గారి ముఖం వెలిగిపోయింది.

"అమ్మణ్ణీ, మీరు మనోళ్ళా? యాడ మీది?"

"నెల్లూరండీ."

"చూస్తిరా, మనోళ్ళే!" అని ఆమె భర్త భుజం తట్టారు. "మేము తాతల కాలంనుంచి ఈడే. రాసేది, చదివేది రాదు మాకు. ఇంట్లో మాత్రం మన మాటే."

నేను మళ్ళీ పెన్ను చేతికి తీసుకుని ఈసారి తెలుగులో అడిగాను. ఆయన దానికేసి చాలాసేపు చూసి, "ఏంది... ఏంది..." అన్నారు. పెన్ను పేరు రాలేదు. కానీ స్ట్రోక్ తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అదేనట. మురళి గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

రెండు భాషలు తెలిసినవాళ్ళకు స్ట్రోక్ తర్వాత రెండూ ఒకే తీరున తిరిగి రావాలని లేదు. ఒకటి ముందు రావచ్చు, ఒకటి చాలా ఆలస్యం కావచ్చు. బజారంతా తమిళంలో బేరాలాడిన ఈయనకు ఇంటి తెలుగు ముందు వచ్చింది. అందుకని పాఠాలన్నీ తెలుగులోనే చెప్పాను. నా నెల్లూరు మాట ఆయనకు ఎక్కడైనా కొత్తగా తోస్తే వసంతమ్మ గారు తమ ఇంటి మాట అందించేవారు. ఆవిడ లేకపోతే ఆ మొదటి నెలల్లో నేనేం చేయగలిగేదాన్నో తెలియదు.

వాళ్ళ సందు చివర ఒక పార్కు ఉంది. చుట్టూ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళు. పిల్లలు బంతి ఆడాలన్నా, సాయంత్రం ఆడవాళ్ళు కాస్త గాలికి కూర్చోవాలన్నా అదొక్కటే చోటు. వీళ్ళింట్లో దాన్ని తోట అంటారు. రంగనాయకులు గారు అంగడి తీసేముందు రోజూ అక్కడ నడిచేవారట. నడక కంటే కబుర్లే ఎక్కువని, ఆయన నవ్వు వీధి దాకా వినిపించేదని వసంతమ్మ గారు చెప్పారు. మాట పోయాక ఆయన అటు వెళ్ళడం మానేశారు. స్నేహితులు ఇంటికొస్తే గోడవైపు తిరిగి పడుకునేవారు.

అలాంటి సమయంలో ఆ పార్కు స్థలాన్ని మున్సిపాలిటీవాళ్ళు అమ్మేసి షాపింగ్ కాంప్లెక్స్ కట్టిస్తారన్న కబురు వచ్చింది. మొదట పుకారన్నారు. తర్వాత కొలతలవాళ్ళు వచ్చి గేటు దగ్గర రాళ్ళకు రంగు వేసి వెళ్ళారు. ఆ వీధిలోనే ఉండే మంగై అనే రిటైర్డ్ టీచరు ఇల్లిల్లూ తిరిగి జనాన్ని కూడగట్టింది. మరోవైపు, కొత్త భవనంలో మీకే ముందుగా అంగళ్ళు ఇస్తామని సందులోని వ్యాపారులకు ఎవరో ఆశపెట్టారు. ఆ ఆశ పడినవాళ్ళలో మురళి ఒకడు. అతన్ని తప్పుపట్టలేను. ఆ సందులోకి సరుకు బండి కూడా సరిగా రాదు. పెద్ద రోడ్డు మీద అంగడి పెట్టాలన్నది అతని ఎన్నాళ్ళ కలో.

ఒకరోజు క్లినిక్‌లో మురళి సంతోషంగా చెప్పాడు. "నాయన కూడా ఒప్పుకున్నాడు మేడం. మనకి కొత్త అంగిడి వస్తాది, సరేనా అంటే ఆఁ అన్నాడు."

అదే వారంలో మంగై టీచరు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. గలగలా తమిళం మాట్లాడే మనిషి. "రంగనాయకులు మా పక్షమే. నిన్న ఇంటికెళ్ళి అడిగాను. పార్కు కాపాడుకోవాలా అంటే ఆఁ అన్నారు" అంది.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మరుసటి పాఠంలో ఆయన్ని అడిగాను. "మీ పేరు రంగనాయకులేనా?"

"ఆఁ."

"మీ పేరు మురళీనా?"

"ఆఁ" అన్నారు. అన్న మరుక్షణమే తప్పు తెలిసి, ఎడమచేత్తో నుదురు కొట్టుకున్నారు.

అఫేజియాలో ఇది తరచూ చూస్తాం. మనసులో 'కాదు' ఉంటుంది, నోట 'అవును' వస్తుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని సమ్మతి అనుకుంటారు. మాట లేని మనిషి తరఫున అందరూ మాట్లాడేస్తారు, అదీ ప్రేమతోనే. మురళికి ఈ సంగతి వివరిస్తే ముఖం మాడ్చుకున్నాడు.

"అయితే నేను అబద్ధం చెప్పినానా మేడం?"

"లేదండీ. మీరు విన్నదే చెప్పారు. ఆయన అనుకున్నది అదో కాదో మనకు తెలియదు, అంతే."

"మీరు మాట నేర్పండి, చాలు. తోట గొడవలోకి నాయన్ని లాగొద్దు."

"ఆయన చేత నేనేమీ చెప్పించను. ఆయనే చెప్పాలనుకుంటే మాత్రం ఆపను" అన్నాను.

ఆ మాట నిలబెట్టుకోవడం నాకు తేలిక కాలేదు. పార్కు పోకూడదనే నా మనసులోనూ ఉంది. అందుకే మరీ జాగ్రత్తపడ్డాను. అవును, కాదు అని అడగడం మానేశాను. పార్కు ఫొటో ఒకటి, కాంప్లెక్స్ బొమ్మ ఒకటి బల్ల మీద పెట్టి ఏది కావాలో చూపించమన్నాను. మరో రోజు వాటి స్థానాలు మార్చాను. ఇంకో రోజు ఏది వద్దో చూపించమన్నాను. ఎలా అడిగినా ఆయన ఎడమచెయ్యి పార్కు ఫొటోను దగ్గరికి లాక్కుంది, రెండో బొమ్మను బల్ల చివరికి నెట్టింది. ఒకరోజు ఆ ఫొటో మీద వేలు పెట్టి, చాలాసేపు తడుముకుని, "తోట" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "తోట... పో..." అన్నారు. వెళదామని.

నేను పాఠాన్ని పార్కుకు మార్చాను. బెంచీ మీద కూర్చుని కనిపించినవాటికల్లా పేర్లు చెప్పేవాళ్ళం. కాకిని 'కుక్క' అని, తనకే నవ్వొచ్చి నవ్వేవారు. పాత స్నేహితులు చుట్టూ చేరారు. ఆయన ఒక మాట మొదలుపెడితే చాలు, నలుగురు కలిసి పూర్తిచేసేవాళ్ళు. "దయచేసి ఆగండి, ఆయన్నే చెప్పనివ్వండి" అని వాళ్ళను బతిమాలడం నా పనిలో భాగమైపోయింది. అందరికంటే కష్టపడింది మంగై టీచరే. పాపం, చీర కొంగు నోట్లో పెట్టుకుని ఆగేది. మురళి కూడా సాయంత్రాలు తండ్రిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి, దూరంగా నిలబడి ఇదంతా చూసేవాడు.

తర్వాత అధికారులు జనం అభిప్రాయాలు వినడానికి ఒక కల్యాణ మండపంలో సమావేశం పెట్టారు. హాలు నిండిపోయింది. ఒకవైపు పార్కువాళ్ళు, మరోవైపు వ్యాపారులు. మురళి వ్యాపారుల వరసలో కూర్చున్నాడు. రంగనాయకులు గారు, వసంతమ్మ గారు, నేను వెనక. మంగై టీచరు గట్టిగా, బాగా మాట్లాడింది. వ్యాపారులూ తమ మాట చెప్పారు. ఇంకెవరైనా ఉన్నారా అని అడిగినప్పుడు నా పక్కన ఒక చెయ్యి లేచింది. అది ఆయన ఎడమచెయ్యి. నేనుగానీ వసంతమ్మ గారుగానీ మాట్లాడమని ఆయన్ని అడగలేదు.

మైకు తెచ్చి ఇచ్చారు. ఆయన లేచి నిలబడ్డారు.

"తోట..." అన్నారు. "తోట... అమ్మ... అమ్మ..."

తర్వాతి అక్షరం రావడం లేదు. ముఖం ఎర్రబడింది. "అమ్మ... అమ్మ..." అని అక్కడే తిరుగుతున్నారు. వేదిక మీదున్న అధికారి మంచివాడే. తమిళంలో మెత్తగా అన్నాడు, "పాపం, పెద్దాయన వాళ్ళమ్మను తలుచుకుంటున్నట్టున్నారు. కూర్చోబెట్టండమ్మా." అక్కడక్కడా అయ్యో అన్నారు. ఎవరో మైకు తీసుకోబోయారు.

నేను లేవబోయాను. నాకంటే ముందు వ్యాపారుల వరసలోంచి మురళి లేచాడు.

వచ్చి తండ్రి పక్కన నిలబడి తమిళంలో చెప్పాడు. "సార్, మా నాన్న వాళ్ళమ్మను పిలవలేదు. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం. మీరు విర్పనై అంటారే, దాన్ని తెలుగులో అమ్మడం అంటారు. ఆయనకు స్ట్రోక్ వచ్చింది. మాటకు టైము పడుతుంది. కొంచెం ఆగండి." తండ్రి వైపు తిరిగాడు. "చెప్పు నాయనా. మెల్లిగానే చెప్పు."

"తోట... అమ్మొద్దు."

"పార్కును అమ్మొద్దంటున్నారు" అన్నాడు మురళి తమిళంలో.

"పిల్లోళ్ళు... యాడ...?"

"పిల్లలు ఎక్కడికి పోయి ఆడుకోవాలని అడుగుతున్నారు."

రంగనాయకులు గారు కొడుకు ముఖంలోకి చూశారు. "మనకి... అంగిడి... ఉండాది. చాలు."

ఆ మాట మురళి వదిలేసినా ఆ హాల్లో చాలామందికి తెలిసేది కాదు. అతనితో వచ్చిన వ్యాపారులంతా అతన్నే చూస్తున్నారు. మురళి మైకు దగ్గరికి వంగి, "మాకు అంగడి ఉంది, అది చాలు అంటున్నారు" అన్నాడు. తర్వాత తండ్రిని అడిగాడు, "ఇంకేమన్నా ఉండాదా నాయనా?"

ఆయన తల అడ్డంగా ఊపి కూర్చున్నారు.

బయట మెట్ల దగ్గర మురళి కనిపిస్తే చేతులు జోడించాను. అతను ఇబ్బందిగా నవ్వాడు. "నాకు ఆ కాంప్లెక్స్‌లో అంగిడి కావాలనే ఉండాది మేడం, ఇప్పుడు కూడా. అది వేరే. నాయన చెప్పింది నాయన చెప్పినట్టే చెప్పాల కదా. నేనేమీ కలపలా, ఏమీ తియ్యలా."

కొన్ని నెలలకు ఆ అమ్మకం ఆలోచన విరమించుకున్నారు. రంగనాయకులు గారి నాలుగు మాటలకే అది ఆగిందని చెప్పను. మంగై టీచరు, ఆ వీధివాళ్ళు ఎండనక వాననక తిరిగారు, కోర్టు దాకా వెళ్ళారు. ఆ కష్టం వాళ్ళది. తోటి వ్యాపారులు కొందరు మురళితో కొన్నాళ్ళు మాట్లాడలేదు. తర్వాత వాళ్ళే సర్దుకున్నారు. అంగడి ఇప్పటికీ ఆ సందులోనే ఉంది. రంగనాయకులు గారికి చిన్న చిన్న వాక్యాలు వచ్చాయి, తమిళం కూడా కొంత తిరిగొచ్చింది. పార్కు గేటుకు అడ్డంగా బండి పెట్టిన ఒకాయన్ని తమిళంలో తిట్టారని వసంతమ్మ గారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పి మురిసిపోయారు.

ఆ రోజు మురళికంటే ముందు నేను లేచి ఉంటే ఏం చెప్పేదాన్నని అప్పుడప్పుడూ అనుకుంటాను. ఆయన చెప్పిన నాలుగు మాటలతో ఆగేదాన్ని కాదేమో. పిల్లల గురించీ, గాలి గురించీ నా మనసులో ఉన్నదంతా ఆయన పేరు మీద చెప్పేసేదాన్నేమో. పోయిన మాటను తిరిగి రప్పించే పద్ధతులు నేను కాలేజీలో నేర్చుకున్నాను. మన ఆశకు అడ్డం వచ్చే మాటనైనా, అది ఎవరిదో వాళ్ళదిగానే, ఉన్నదున్నట్టుగా నలుగురి ముందు పెట్టడం మాత్రం మురళిని చూసి నేర్చుకున్నాను. ఈ పనిలో నాకు పాఠం చెప్పినవాళ్ళ పేర్లు అడిగితే, ప్రొఫెసర్ల పేర్లతో పాటు అతని పేరు కూడా చెబుతాను.